దూడ ఊపిరికి కాపలా

ఒక పెయ్యదూడ ప్రాణం కాపాడబోయి, దాని ప్రాణం మీదికే తెచ్చి, పనిలో పనిగా అత్తవారింట్లో నా పరువును కూడా పేడతట్టకెత్తి పెంటకుప్ప మీద పోసుకున్న కథ ఇది. చదివితే నవ్వుతారు. నవ్వండి. మా అత్తవారి ఊళ్ళో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారో, ఎవరు ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదో నాకు పేరుపేరునా గుర్తుంది. కాకపోతే ఒక్క మాట ముందే చెప్పుకుంటాను. ఇందులో తప్పు నా ఒక్కడిది కాదు. నా వాటా ఎంతో మీరే తేల్చండి. తేల్చేటప్పుడు కాస్త నా వైపు మొగ్గండి.

తొంభైల నడిమి రోజులు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్‌ని. అంటే లెక్చరరు పాఠం చెప్పి చేతులు దులుపుకుని వెళితే, వెనక నుంచి పిల్లల చేత కప్పల్ని కోయించేవాణ్ణి. పేరు జోజి. ఇల్లు గుణదలలో. నాకున్న ఆస్తి ఒక సైకిలు, ఒక జ్ఞాపకశక్తి. సైకిలు పాతబడింది, జ్ఞాపకశక్తి పడలేదు. మా పెళ్ళి ఫోటోలో నా తల సగానికి కోసేసిన స్టూడియో ముందు నుంచి ఇప్పటికీ మొహం తిప్పుకునే వెళతాను. పెళ్ళి విందులో నా విస్తట్లో పడాల్సిన కోడికాలు మా తోడల్లుడి విస్తట్లో పడింది. ఆయన దాన్ని తిన్నాడు కూడా. వీధిదీపం పగలు వెలిగినా, రాత్రి వెలగకపోయినా, కుళాయి నీళ్ళు సన్నగా వచ్చినా కాగితం తీసి ఫిర్యాదు రాసేవాణ్ణి. అందరూ నన్ను గొణుగుడు మనిషి అంటారు. ఫిర్యాదంటే గొణుగుడు కాదు. బతికే ఉన్నామని ఎదుటివాడికి తెలియజేసే పద్ధతి. ఈ సిద్ధాంతమే నా కొంప ముంచింది.

మా ఆవిడ లూర్దు తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఉయ్యూరు దాటి చెరకు తోటల్లోకి కాస్త లోపలికి వెళితే వాళ్ళ ఊరు. మా మామగారు ఇన్నయ్యగారికి కొద్దిగా పొలం, ఒక చూలుగేదె, ఎవరేమన్నా ‘అలాగేనండీ’ అనే స్వభావం. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. వేసవి సెలవులు. సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని బస్సెక్కాను.

పాపని చూపించారు. ఒక్కసారి. తెల్లటి పాత చీరలో చుట్టిన ఎర్రటి మొహం. ఇంకా కళ్ళు, ముక్కు సరిగ్గా పోల్చుకోకముందే లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. సినిమాకి టికెట్టు కొన్నవాణ్ణి గోడమీద పోస్టరు చూపించి పంపించేసినట్టుంది.

ఇక్కడ మా అత్తగారు శౌరమ్మగారి గురించి చెప్పాలి. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. అది కోపం కాదు, మర్యాద. అల్లుడికి ఎదురుపడకూడదు, అల్లుణ్ణి కాదనకూడదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి మామగారికి చెబుతారు. ఆ మాట నాకూ వినపడుతుంది. అయినా ఆయన నా వైపు తిరిగి మళ్ళీ చెబుతారు. ఆయన లేనప్పుడు గోడకి చెబుతారు. “నీళ్ళు కాగినయి, స్నానం చేస్తే బాగుంటది” అని గోడతో అంటే, గోడ ఎటూ లేవదు కాబట్టి నేను లేచేవాణ్ణి.

“మావయ్యగారూ, నా కూతుర్ని నేను చూసుకోకూడదా?” అని అడిగాను.

“అయ్యో, చూద్దురుగాని అల్లుడుగారూ. ఎక్కడికి పోద్ది?”

తలుపు చాటునుంచి: “పిల్ల నిద్రపోతందని చెప్పండి.”

“నిద్రపోతందంటండీ.”

“మరి లేచాక?”

“లేచాక పాలు తాగుద్దని చెప్పండి.”

“పాలు తాగుద్దంటండీ.”

“తాగాక?”

తలుపు చాటునుంచి నెమ్మదిగా: “తాగాక నిద్రపోద్దని చెప్పండి.”

నేను అరుగు మీద కూర్చుని చెరకు తోటల్ని చూస్తూ ఈ అవమానాన్ని జ్ఞాపకంలో తగిన చోట భద్రపరిచాను. సరిగ్గా ఆ సమయంలో, నన్ను ఆదుకోవడానికా అన్నట్టు, గేదెకి నొప్పులు మొదలయ్యాయి.

‘ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నాడట’ అని సామెత. మా మామగారింట్లో గేదె ఈనగానే అల్లుణ్ణి గాటికి కట్టెయ్యాల్సింది. కట్టలేదు. నేను పశువుల సావిట్లోకి వెళ్ళాను.

కాన్పు కష్టమైంది. దూడ ముందుకాళ్ళు కనిపించి ఎంతసేపటికీ తల రాలేదు. మామగారు పంచె ఎగగట్టి, చేతికి ఆముదం రాసుకుని, గేదెతో ఏదో మెల్లగా మాట్లాడుతూ లాగారు. ఎట్టకేలకు దూడ జారి గడ్డి మీద పడింది. పడింది పడినట్టే ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది. నేరేడుపండ్లు తిన్న పిల్లవాడి నాలుకలాగా నీలంగా ఉంది. పొట్ట కదలడం లేదు. మామగారు దాని ముక్కులోని జిగురు తుడిచారు. ఒళ్ళు రుద్దారు. ఉలకలేదు. అప్పుడాయన ఒక వరిగడ్డి పరక తుంచి దాని ముక్కులో పెట్టి తిప్పారు.

దూడ తుమ్మింది. తుమ్మి, పెద్దగా గాలి పీల్చింది. పొట్ట లేచింది. గేదె వెనక్కి తిరిగి నాకడం మొదలుపెట్టింది. నేను గుంజని పట్టుకుని ఏడ్చాను. మామగారు చూసి, చూడనట్టు అవతలికి తిరిగారు. మంచి మనిషి.

“దూడ నిలబడితేనే గేదె నిలబడుద్దని చెప్పండి” అంది వంటింటి తలుపు.

ఈసారి మామగారు ఆ మాటని ఉన్నదున్నట్టు అందించకుండా తన సొంత మాట కలిపారు. “పోయిన ఈతలో దూడ దక్కలేదండీ అల్లుడుగారూ. తోలులో గడ్డి కూరి, దూడలా కుట్టి ముందు పెట్టాం. పాపం, నాకీ నాకీ పాలు చేపింది కొన్నాళ్ళు. ఓ పొద్దున వాసన చూసి మొహం తిప్పుకుంది. ఇక పొదుగు ముట్టనిస్తే ఒట్టు. ఈసారి ఇంట్లో బాలింత ఉంది. దూడ పోయిందా, పాలూ పోయినట్టే.”

“అల్లుడుగారు చదువుకున్నోరు గదా, దూడని కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పండి” అన్నారు అత్తగారు.

చూశారా. ఆ ఇంట్లో నాకు అప్పజెప్పిన మొదటి బాధ్యత. నా ఛాతీ విచ్చుకుంది. “నేనున్నాను” అన్నాను, తలుపుకేసి చూస్తూ.

మధ్యాహ్నం దూడ కడుపునిండా జున్నుపాలు తాగి గడ్డిలో పడుకుంది. నేను పక్కనే పీట వేసుకుని చూస్తున్నాను. పక్కటెముకలు లేచాయి, పడ్డాయి. లేచాయి, పడ్డాయి. ఆగాయి.

నా ఊపిరి కూడా ఆగింది. ఇక లాభం లేదు, మామగారిని పిలుద్దామని నోరు తెరిచేలోగా దూడ ఒక నిట్టూర్పు విడిచి మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపటికి మళ్ళీ ఆగింది. అప్పుడు నాకు మా కాలేజీ లెక్చరరు ఒకాయన సిలబస్సులో లేకపోయినా సరదాగా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. అది గుర్తు రాకపోతే ఈ కథ ఇక్కడే సుఖాంతమయ్యేది. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నాకు మతితో పాటు దూడ కూడా పోబోయింది.

“మావయ్యగారూ, ఇది మీరు జాగ్రత్తగా వినాలి” అన్నాను.

“అలాగేనండీ.”

“మెడలో పెద్ద రక్తనాళం చీలేచోట చిన్న గింజంత ముద్ద ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు సరిపడా ఉందో లేదో అది అస్తమానం రుచి చూస్తుంటుంది. తగ్గిందనుకోండి, ఊరుకోదు. వెంటనే మెదడుకి ఫిర్యాదు చేస్తుంది. దాంతో ఊపిరి జోరందుకుంటుంది.”

“మీలాంటిదన్నమాట.”

నేను కాస్త ఆలోచించి, “అవును” అన్నాను. “అయితే, పుట్టిన కొత్తలోనే గాలికి కరువు చూసిన ఎలుకపిల్లల్లో ఆ ముద్ద తీరు మారిపోతుందట. కరువే మామూలనుకుని మొద్దుబారిపోతుంది. పెద్దయ్యాక గాలి తగ్గినా సరిగ్గా ఫిర్యాదు చెయ్యదు. ఎలుక మాట దేవుడెరుగు, మన దూడ పుట్టీపుట్టగానే నాలుక నీలం చేసుకుంది. దానికిప్పుడు ఊపిరాడకపోయినా ఆడడం లేదని చెప్పుకోవడం రాదు. నిద్రలో మరిచిపోతుంది.”

“ఊపిరి తీసుకోవడమాండీ?”

“అదే.”

“ఎలుకకీ గేదెకీ తేడా ఉంటదేమోనండీ.”

“సైజులో ఉంటుంది.”

మామగారు దూడకేసి, నాకేసి మార్చి మార్చి చూశారు. “అలాగేనండీ” అన్నారు.

నా బాధ మీకు అర్థమవుతోందా? కుళాయి గురించి, బల్బు గురించి ఫిర్యాదు చేసినవాణ్ణి. ఫిర్యాదు చెయ్యడం చేతకాని ప్రాణి నా కళ్ళముందు నిద్రపోతుంటే చూస్తూ ఊరుకుంటానా? దాని తరఫున నేను కాపలా కాయాలి. నిద్రలో అది మరిచిపోతే నేను గుర్తు చెయ్యాలి. గుర్తు చేసే సాధనం కూడా కళ్ళారా చూశాను కదా. వరిగడ్డి పరక.

ఇక మిగిలింది అలారం. సావిట్లో మేకుకి మువ్వల పట్టెడ వేలాడుతోంది. దూడ కాస్త పెరిగాక మెడలో కట్టడానికి మామగారు దాచినది. దాన్ని నేను దూడ పొట్ట చుట్టూ కట్టాను. ఊపిరి తీస్తే ఘల్లు. వదిలితే ఘల్లు. మువ్వ మోగుతున్నంతసేపూ లోకం క్షేమం. మువ్వ ఆగిందా, పరక ముక్కులోకి.

దూడ దిగ్గున లేచి తుమ్మేది. “శభాష్” అనేవాణ్ణి. మళ్ళీ పడుకునేది. కన్ను మూతపడి, ఒళ్ళు వదులై, మువ్వ కాస్త తడబడగానే మళ్ళీ పరక. నేను భోజనం కూడా సావిట్లోనే చేశాను. మంచం సావిడి ముందుకి లాక్కున్నాను. రాత్రుళ్ళ సంగతి చెప్పను. నేను సగం నిద్రలో ఉన్నా నా చేతిలో పరక మాత్రం మెలకువగానే ఉండేది.

ఊరు వచ్చి చూడడం మొదలుపెట్టింది. పాలకేంద్రానికి వెళ్ళేవాళ్ళు ఆగి, “ఇన్నయ్యా, దూడకి వడ్డాణం పెట్టించావేంట్రా?” అని అడిగేవారు. “ఇంకో వైపు తిప్పి చూపించు, జడగంటలు కూడా ఉన్నయ్యేమో” అని ఇంకొకరు. మామగారు “మా అల్లుడుగారండీ” అనేవారు, ఆ రెండు మాటల్లోనే అన్ని ప్రశ్నలకీ జవాబు ఉన్నట్టు.

రెండో రోజుకి దూడ కళ్ళు ఎర్రబడ్డాయి. మూడో రోజుకి తల్లి దగ్గరికి వెళ్ళి, పొదుగు నోట పట్టుకుని, చీకడం మరిచిపోయి అలాగే నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. నిలబడే తూలింది. తూలగానే నేను పరక పెట్టాను. పుట్టుకలో గాలి అందని ఫలితం ఇప్పుడు బయటపడుతోందని నాకు రూఢి అయింది. కాపలా పెంచాను. రోగం పెరిగింది. కాపలా ఇంకా పెంచాను.

మా అత్తగారు ఇప్పుడు గోడని వదిలి గేదెతో మాట్లాడడం మొదలుపెట్టారు.

“ఏమే గేదే,” అనేవారు పాలు పితకడానికి కూర్చుని, “నీ బిడ్డకి కాస్తంత కునుకు పడితే బాగుండునని నాకనిపిస్తంది. నీకనిపియ్యటంలా?”

గేదె నెమరు వేసేది.

“పచ్చి పసిగుడ్డుని పడుకోనియ్యకుండా చేస్తే ఏం బతుకుద్దే, నువ్వు చెప్పు.”

నేను విని నొచ్చుకున్నాను. దూడ బాగుండకపోతే గేదెని అంటారేం? పాపం అదేం చేసింది? అంత అవివేకంగా పశువుని నిందించడం చూసి, ‘పెద్దావిడ, చదువుకోలేదు’ అని జాలిపడ్డాను. చూశారా నా తెలివి. సావిట్లో ఉన్నది నలుగురం. అందులో ఆ మాట అర్థం కానిది నాకొక్కడికే.

బాలింత గది కిటికీ సావిడివైపే. ఒకసారి అక్కడినుంచి మా లూర్దు గొంతు సన్నగా వినపడింది.

“ఏవండీ, ఆ మువ్వలు...”

“నువ్వేం భయపడకు లూర్దూ. నేనిక్కడే ఉన్నాను.”

“అదేనండీ” అంది. మా ఆవిడ అంతే, ఏదీ పూర్తిగా చెప్పదు. నేనైతే కాగితానికి రెండు వైపులా రాసేవాణ్ణి.

ఆ మర్నాడు పొద్దున గేదె సరిగ్గా చేపలేదు. దూడ మూతి పెట్టి పొడిస్తే కదా పొదుగులోకి పాలు దిగేది. దూడ మూతి ఆనించి కునికిపాట్లు పడుతోంది. గిన్నె అడుగు కూడా తడవలేదు. అత్తగారు ఖాళీ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళి, మరియమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించడం కిటికీలోంచి కనిపించింది. దూడ దక్కితే గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నారు. ఆవిడ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. పీట మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి.

మామగారు మాత్రం గడ్డివాము దగ్గరికి వెళ్ళారు. పై గడ్డి పక్కకి లాగి, లోపలి మెత్తటి గడ్డి ఏరి విడిగా ఒక కట్ట కడుతున్నారు. పక్క వెయ్యడానికనుకున్నాను. “దూడకాండీ?” అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. “ముందే చూసి పెట్టుకుంటే మంచిదండీ” అన్నారు.

అప్పుడర్థమైంది. తోలులో కూరడానికి.

నేను దూడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. తల నా మోకాలి మీద పెట్టింది. ఎంత నమ్మకం చూడండి, తనని నిద్రపోనివ్వని శత్రువు ఒళ్ళోనే. వెచ్చటి ఊపిరి నా అరచేతికి తగులుతోంది. దాన్ని చావనివ్వకూడదు. ఏం చెయ్యాలి? నాకు తెలిసిన పని ఒక్కటే. నేను ఫిర్యాదు రాశాను.

పశువుల డాక్టరు మా నుంచి ఇంకా కబురే వెళ్ళని మనిషి. ఆయన మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. అయినా సరే, ‘పుట్టుకతో శ్వాసలోపం గల దూడ మృత్యుముఖంలో ఉండగా ప్రభుత్వ పశువైద్యశాఖ నిద్రపోవుచున్నది’ అని రెండు వైపులా నింపి, ఒక నకలు పై అధికారికి పోస్టులో వేసి, అసలుని సైకిలు మీద వెళ్ళి స్వయంగా ఆసుపత్రిలో ఇచ్చి వచ్చాను. సైకిలు మామగారిది. మధ్యలో చైను ఊడింది. అది వేరే ఫిర్యాదు.

ఆ పూటే డాక్టరు వచ్చారు. బక్కపలచటి మనిషి. నా కాగితం జేబులోంచి తొంగిచూస్తోంది.

“నిద్రపోవుచున్నది అని రాసింది మీరేనాండీ?”

“నేనే.”

“మంచిది” అని దూడ దగ్గర కూర్చున్నారు. జ్వరం చూశారు. కనురెప్ప తిప్పారు. చిగుళ్ళు నొక్కారు. బొడ్డు చూశారు. గొట్టం పెట్టి రెండు వైపులా విన్నారు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. వంటింటి తలుపు కూడా కాస్త ఎక్కువే తెరుచుకుంది.

“ఊపిరితిత్తులు బాగున్నయి. జ్వరం లేదు. బొడ్డు ఎండింది. ఎక్కడా తేడా కనపడటం లేదు” అన్నారాయన. “ఇంతకీ పొట్టకి ఈ మువ్వలేంటండీ?”

నేను ముందుకి వచ్చి, మెడలో గింజ దగ్గరనుంచి ఎలుకపిల్లల దాకా మొత్తం విన్నవించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో తల కూడా ఊపారు. నాకు హుషారొచ్చింది.

“మరి మువ్వ ఆగితే?”

“గడ్డిపరకండీ.”

“ఎక్కడ?”

“ముక్కులో.”

“పగలేనా?”

“నాకు పగలూ రాత్రీ అని భేదం లేదండీ” అన్నాను గర్వంగా.

“అంటే ఇది పుట్టిన దగ్గర్నుంచీ...”

“ఒక్క కునుకు కూడా తియ్యనివ్వలేదండీ.”

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చి, సావిడంతా ఒకసారి తిరిగి, మళ్ళీ నా చెవిలోకే వచ్చింది. అప్పుడు మొదటిసారి నేను దాన్ని విన్నాను.

డాక్టరు మామగారి వైపు తిరిగారు. “మీరన్నా చెప్పలేదాండీ?”

మామగారు కాలి బొటనవేలితో నేల గీస్తూ, “అల్లుడండీ” అన్నారు.

డాక్టరు మరో ప్రశ్న వెయ్యలేదు. ఆయనా ఎవరికో అల్లుడే అయ్యుంటారు.

“ఈ దూడకి జబ్బు లేదండీ. నిద్ర లేదు” అన్నారు, పట్టెడ ముడి విప్పుతూ. “మీరు చెప్పిన పాఠం అబద్ధం కాదు. కాకపోతే ఆ ఎలుకపిల్లలు రోజుల తరబడి తక్కువ గాలిలో పెరిగినవి. ఇది కాసేపు ఉక్కిరిబిక్కిరయింది, అంతే. ఇంకో సంగతి. తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళూ ఏ బిడ్డకైనా గాలి తక్కువేనండీ. మీకూ, నాకూ, దీనికీ. బయటికొచ్చాక ఇక్కడ గాలి ఎక్కువని ఆ గింజకి తెలియడానికి కొన్నాళ్ళు పడుద్ది. ఆలోగా ఊపిరి కాస్త ఆగి, కాస్త నడిచి, అలా తడుముకుంటది. పసివాళ్ళందరూ అంతే. మీ పాపని చూళ్ళేదా?”

“చూడనివ్వలేదండీ” అన్నాను. ఆ ఫిర్యాదు మాత్రం చేతికి అందుబాటులోనే ఉంది.

“దూడకి మందు అక్కర్లేదు. మీకు రాస్తాను” అన్నారాయన. “చేతులు కట్టుకుని కూర్చోండి. రోజుకి ఎన్నిసార్లని అడక్కండి.”

ఆయన ఇంకా లేవలేదు. దూడ ఆయన చెప్పు మీద మూతి పెట్టి నిద్రపోయింది. అలా ఇలా కాదు, గోనెసంచి జారిపడ్డట్టు. ఆయన కాలు మెల్లగా లాక్కుని, చెప్పు అక్కడే వదిలేసి, ఒంటి చెప్పుతో టీ తాగి, నిద్ర చెడకుండా చెప్పు తీసే ఉపాయం దొరక్క చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పక్కటెముకలు లేస్తాయి, పడతాయి, ఆగుతాయి. నా వేళ్ళు తొడ కింద తమంతట తాము పరక కోసం వెతుకుతాయి. దూడ నిట్టూర్చి మళ్ళీ ఊపిరి అందుకుంటుంది. ప్రతిసారీ అదే. నా సాయం లేకుండానే. నిజం చెప్పొద్దూ, కాస్త అవమానంగా కూడా అనిపించింది.

ఎండ సావిడి దాటి గోడెక్కేదాకా నిద్రపోయింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, నన్ను గుర్తుపట్టి తుమ్మబోయి, పరక లేదని చూసి మానేసి, తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళింది. పొదుగుని మూతితో ఒక్క పోటు పొడిచింది. గేదె వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు అరమూసింది. దూడ నోటి చివరలనుంచి తెల్లటి నురగ కారింది. మామగారు గబగబా కన్ను తుడుచుకుని, ఆ మెత్తటి గడ్డికట్ట విప్పి గేదె ముందే వేశారు.

అప్పుడు జరిగింది అసలు విచిత్రం. వంటింటి తలుపు పూర్తిగా తెరుచుకుంది. మా అత్తగారు గడప దాటి, కొంగు తలమీదికి లాక్కుని, నా ఎదురుగా నిలబడ్డారు. మామగారి చేతిలో గడ్డి జారిపోయింది.

“అల్లుడుగారూ,” అన్నారు నాతోనే, “లోపలికి రండి. పాపని చూద్దురుగాని.”

నేను లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

“చేతులు ఎనక్కి పెట్టుకుని చూడండి” అన్నారు.

చేతులు వెనక్కి కట్టుకుని, కోర్టుకి తీసుకొచ్చిన ముద్దాయిలా బాలింత గదిలోకి వెళ్ళాను. వాము పొగ వాసన. లూర్దు చెవుల్లో దూది, తలకి గుడ్డ, మొహంలో అలసట. పక్కన మా పాప, పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. చిన్న ఛాతీ లేచింది, పడింది. లేచింది, పడింది.

ఆగింది.

నా కుడిచేయి ఎప్పుడు ముందుకొచ్చిందో నాకు తెలియదు. వేలు పాప ముక్కుకి జానెడు దూరంలో ఉండగా లూర్దు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. మేమిద్దరం ఆ వేలు పట్టుకుని ఎదురుచూశాం. పాప పెదవులు చప్పరించి, మెల్లగా గాలి పీల్చింది.

“మొదటిరోజు కూడా ఇదే చేశారు” అంది లూర్దు.

“ఏం చేశాను?”

“నిద్రపోతన్న పిల్ల ముక్కులో వేలు పెట్టారు. ఊపిరుందో లేదో అని. గుక్కపట్టి ఏడ్చింది. అందుకేగా అమ్మ తలుపేసింది. గుర్తులేదా?”

గుర్తులేదు. పెళ్ళినాటి కోడికాలు గుర్తుంది. ఇది గుర్తులేదు.

“మరి దూడని నాకెందుకు అప్పజెప్పినట్టు?”

లూర్దు నవ్వాపుకోవడానికి ప్రయత్నించింది. బాలింతకి నవ్వు కుట్లలో గుచ్చుకుంటుంది. అయినా ఆగలేదు.

“మీ చేతికి ఏదో ఒకటి ఇయ్యకపోతే పాప మీదికి వస్తారని ఇచ్చిందండీ మా అమ్మ. దూడయితే తట్టుకుంటదనుకుంది.”

నన్ను మోసం చేశారు. ఇంటిల్లిపాదీ కలిసి, కన్నబిడ్డని నా వేలినుంచి కాపాడుకోవడానికి ఒక అమాయకపు దూడని నాకు ఎర వేశారు. ఆ మాట ఒక్కరు, ఒక్కసారి, నా మొహాన అని ఉంటే దూడా నిద్రపోయేది, నేనూ నిద్రపోయేవాణ్ణి. అల్లుడన్న మర్యాద ఇంత ఖరీదైనదని నాకెవరూ చెప్పలేదు. దీనిమీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఇప్పటికీ తెలియలేదు. డాక్టరు మీద పంపిన నకలుకి మాత్రం కొన్నాళ్ళకి జవాబు వచ్చింది: ‘తమరి ఫిర్యాదు పరిశీలించబడినది. దూడ నిద్రపోవుచున్నది.’

దూడ పెరిగి గేదె అయింది, మూడు ఈతలు ఈనింది. మా పాప కాలేజీలో చేరింది. అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి నాతో నేరుగానే మాట్లాడేవారు. మాట్లాడి, ఇన్నాళ్ళు దాచుకున్నవన్నీ అనేవారు. గోడే నయమనిపించిన రోజులున్నాయి.

కనుక, గుణదల నివాసి అయిన జోజి అను నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేయుచున్నాను. నిద్రపోతున్న ఏ ప్రాణినీ, దానికి ఎన్ని కాళ్ళున్నా సరే, అది ఊపిరి తీసుకోవడం లేదన్న అనుమానం మీద లేపను, పొడవను, తుమ్మించను. ఈ మాట మీద నిలబడ్డాను. లూర్దుకి ఇప్పుడు వయసు మీద పడి, నిద్రలో ఒక్కోసారి ఊపిరి కాస్త ఆగుతుంది. లేపను. చేతులు తొడల కింద పెట్టుకుని, అది మళ్ళీ మొదలయ్యేదాకా మెలకువగా కూర్చుంటాను. కూర్చోనని నేను ప్రమాణం చెయ్యలేదు.